సంకల్పము లేని ఘంటానాదము



2025 సెప్టెంబరు 7వ తేదీ, ఆదివారము, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము. స్పర్శకాలము రాత్రి 9 గంటల 57 నిమిషములు. మోక్షకాలము అర్ధరాత్రి దాటిన పిమ్మట 1 గంట 26 నిమిషములు. చంద్రగ్రహణమునకు స్పర్శకు పూర్వము మూడు యామములు, అనగా తొమ్మిది గంటలు, వేధకాలము. కనుక మధ్యాహ్న నివేదనమును త్వరగా ముగించి, పన్నెండున్నరకే ఆలయ ద్వారములు మూసి, తాళము వేసి ఇల్లు చేరితిని. సాయంకాలము ఆరున్నర గంటలకు, సంధ్యకు కూర్చొనుటకై కాళ్లు కడుగుకొనుచుండగా, మూసిన ఆలయము నుండి గంట మ్రోగినది. గంట వెనుక డోలు, డోలు వెనుక హారతి పాట. లోపల మనుష్యుడు లేడు, దీపము లేదు. అయినను ప్రతిదినము వలెనే, ఒక్క నిమిషమైనను తప్పక, హారతి మ్రోగినది.

మా వీధి చివరి ఇంటి వృద్ధురాలు కొబ్బరికాయ చేతపట్టుకొని గబగబ వచ్చినది. "ఏం సామీ, గ్రానం పట్టకముందే ఇడిసిందా? గుడికి బీగం ఏసుండాదే, గంట ఎవురు కొట్టినారు?" అని అడిగినది. ఆమె వెనుక మరి ఇద్దరు నిలిచియుండిరి. నాకు నోట మాట రాలేదు. బెంగళూరులో ఉన్న నా కుమారునకు ఫోను చేసితిని. "కంగారు పడకండి నాన్నగారూ, ఇక్కడి నుంచే ఆపేస్తాను" అని అతడు పలికెను. రెండు నిమిషములలో, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి, అతడు మా గుడి గంటను ఆపివేసెను. వీధి నిశ్శబ్దమాయెను. కాని ఆ వృద్ధురాలి ప్రశ్న నిశ్శబ్దము కాలేదు. గంట ఎవరు కొట్టిరి? ఆ రాత్రి చెప్పలేని సమాధానమును ఇప్పుడు వెదకుచున్నాను.

మాది పలమనేరు ప్రాంతమున ఒక చిన్న వేంకటేశ్వరాలయము. నేను బాల్యమున వేదపాఠశాలలో తైత్తిరీయ శాఖను అభ్యసించి, ముప్పది సంవత్సరములుగా ఈ స్వామికి అర్చకత్వము చేయుచున్నాను. మా గ్రామము కౌండిన్య అరణ్యమునకు సమీపమున ఉన్నది. ఆ అరణ్యపు ఏనుగులు రాత్రివేళ పొలములలోనికి దిగుట పలమనేరు, కుప్పము ప్రాంతముల వారందరికి తెలిసిన విషయమే. తెల్లవారుజామున నాలుగు గంటలకు చీకటిలో నేను ఒంటరిగా నడచి ఆలయమునకు పోవుట నా కుమారునకు ఇష్టము లేదు. సాయంకాలమున నేను ప్రక్క గ్రామములోని మరియొక కోవెలలో కూడ దీపారాధన చేయవలెను గనుక ఇచ్చటి హారతివేళకు ఒక్కొక్కసారి ఆలస్యమగుచుండెను. ఈ రెండు కారణములచేత అతడు ఒక చిన్న కంప్యూటరును తెచ్చి ఆలయపు కార్యాలయ గదిలో పెట్టెను. అది అరచేతిలో ఇమిడెడిది; రాస్ప్‌బెర్రీ పై అని దాని పేరు. దానికి ఒక స్పీకరును, విద్యుత్తుతో మ్రోగెడి గంట డోలు యంత్రమును కలిపెను. ఉదయము 4:30కు సుప్రభాతము, సాయంకాలము 6:30కు హారతి నాదము. నేను వచ్చినను రాకున్నను, అవి మ్రోగును.

"ఇది ఎట్లు తెలిసికొనును?" అని అడిగితిని. అతడు తెరపై ఒక పంక్తిని చూపెను. 30 18 * * *. అంతే. ఆ కంప్యూటరులో క్రాన్ అనెడి సేవకుడు ఒకడు ఎల్లప్పుడు ఉండునట. యూనిక్స్ అను వ్యవస్థతో పాటు 1970ల దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టిన వాడు. కాలమును చెప్పెడి గ్రీకు పదము నుండి వానికి ఆ పేరు వచ్చినది. నేటికిని విస్తారముగా వాడుకలో ఉన్న రూపమును 1987లో పాల్ విక్సీ అను వాడు రచించెను. ఈ సేవకుడు ప్రతి నిమిషమునకు ఒకసారి మేల్కొని, తన పట్టికను చూచి, ఆ నిమిషమున చేయవలసినది ఉన్నచో చేసి, లేనిచో మరల నిద్రించును. ఇట్టి వారిని ఆ శాస్త్రమున డీమన్ అందురట. ఆ మాట విని నేను మొదట ఉలికిపడితిని. గ్రీకు భాషలో అది మనుష్యులకు, దేవతలకు నడుమ నుండెడి అదృశ్య శక్తికి పేరని తెలిసిన పిమ్మట, శివుని వాకిట కాచుకొని ఉండెడి ప్రమథగణములను తలచుకొని ఊరట చెందితిని.

పట్టికలోని ప్రతి పంక్తికి ముందు ఐదు స్థానములు: నిమిషము, గంట, తేదీ, మాసము, వారము. వారములకు అంకెలు, ఆదివారము సున్న, శనివారము ఆరు. ఐదు అను సంఖ్యను చూడగనే నాకు పంచాంగము స్ఫురించినది. మనకును ఐదు అంగములే కదా: తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము. రెండింటికిని ఉమ్మడిగా ఉన్నది వారము ఒక్కటే. తక్కిన నాలుగును మనవి సూర్యచంద్రుల గతి ననుసరించినవి. వానివి గడియారము ననుసరించినవి. తిథి అనగా సూర్యుని నుండి చంద్రుడు పండ్రెండు భాగలు దూరమగుటకు పట్టెడి కాలము. చంద్రుని వేగము మారుచుండును గనుక ఒక తిథి సుమారు 19 గంటలలో ముగియవచ్చును, 26 గంటల వరకు సాగవచ్చును. క్రాన్ పట్టికలో ఏకాదశి అని వ్రాయుటకు స్థానమే లేదు.

అయినను ఆ పట్టికతో పరిచయము పెరిగిన కొలది, ధర్మశాస్త్రమున చదివిన విభాగములే అందును కనబడసాగినవి. ప్రతిదినము విధిగా చేయవలసినది నిత్యము; అది క్రాన్ పని. ఒక నిమిత్తము వచ్చినప్పుడు ఒక్కసారి చేయవలసినది నైమిత్తికము. దానికి యాట్ అను వేరొక ఆజ్ఞ ఉన్నది. ఫలానా దినము, ఫలానా గంటకు అని చెప్పినచో ఒక్కసారి చేసి మరచిపోవును. ఇక విధించిన వేళకు కరెంటు లేక యంత్రము నిద్రించుచున్నచో క్రాన్ ఆ పనిని చేయకయే దాటిపోవును. లేచిన పిమ్మట తప్పిన దానిని తలపదు. అందులకై అనాక్రాన్ అను మరియొకడు ఉన్నాడు. తప్పిన దినమును గుర్తుంచుకొని, యంత్రము లేచిన పిమ్మట ఆ పనిని చేయించును. సంధ్యావందనమున కాలాతిక్రమణమునకు ప్రాయశ్చిత్తార్ఘ్యము ఇచ్చెడి మనకు ఇది క్రొత్త కాదు.

ఒకసారి నేనే పట్టికను వ్రాయబోయి భంగపడితిని. ప్రతి మాసము మొదటి శుక్రవారమున అమ్మవారికి సామూహిక కుంకుమార్చన. ముందుగా భక్తుల ఫోనులకు సందేశము పోవలెను. మొదటి శుక్రవారమనగా 1 నుండి 7వ తేదీ లోపల వచ్చెడి శుక్రవారమే గదా అని, తేదీ స్థానమున 1-7 అనియు, వారము స్థానమున 5 అనియు వ్రాసితిని. ఆ మాసమున మొదటి ఏడు దినములును వరుసగా సందేశములు పోయినవి. ఆపైన ప్రతి శుక్రవారమును పోయినది. పుంగనూరు నుండి ఒక దంపతులు సోమవారమున బస్సెక్కి వచ్చి, కుంకుమభరిణెతో ఆలయము ముందు నిలిచిరి. వారికి వేరుగా అర్చన చేసి పంపితిని గాని, సిగ్గుపడితిని. కుమారుని అడుగగా అతడు నవ్వి, "తేదీ, వారం రెండూ నిర్దిష్టంగా ఇస్తే, ఏ ఒక్కటి కుదిరినా చాలనుకుంటుంది నాన్నగారూ" అనెను. నేను సముచ్చయమును ఉద్దేశించితిని. అది వికల్పముగా గ్రహించినది. "మరియు" అనునది ఎచ్చట, "లేక" అనునది ఎచ్చట అని మీమాంసకులు అన్ని అధికరణములు వ్రాయుట వృథా శ్రమ కాదని ఆ దినమున తెలిసినది.

భక్తులకు సందేశములు పంపునది మా గదిలోని చిన్న కంప్యూటరు కాదు. దూరమున ఎచ్చటనో అద్దెకు తీసికొనిన సర్వరు. దానికి అర్ధరాత్రి గ్రీనిచ్ అర్ధరాత్రియే. మనకు అది ప్రాతఃకాలము 5:30. శనివారము ఉదయము 4:30కు పోవలసిన సందేశమును నా కుమారుడు 23 గంటలు, శనివారము అని పెట్టెను. అది ఆదివారము తెల్లవారుజామున పోయినది. ఎందుకనగా మనకు శనివారము 4:30 అగునప్పటికి సర్వరుకు ఇంకను శుక్రవారము రాత్రి 11 గంటలు. ఈ పర్యాయము తప్పు అతనిది గనుక నవ్వుట నా వంతు. కాని ఆలోచింపగా నవ్వు ఆగినది. శాస్త్రరీత్యా వారము సూర్యోదయము నుండి సూర్యోదయము వరకు. శనివారము ఉదయము నాలుగున్నరకు సూర్యుడు ఇంకను ఉదయింపలేదు. కనుక మన లెక్కలోను అది శుక్రవారమే. అర్ధరాత్రి వారము మారునని తలచినది మేమిద్దరమే. ఇంతేకాదు, భారతీయ సమయము 82½ డిగ్రీల రేఖాంశమునకు నిర్ణయింపబడినది. మన పలమనేరు ఇంచుమించు 78¾ డిగ్రీల వద్ద ఉన్నది. కనుక మన ఊరి సూర్యుడు గడియారము కంటె పదునైదు నిమిషములు వెనుక నడచును. ఎవరి కాలము అని అడుగక కాలమును చెప్పుట సాధ్యము కాదు.

దూరపు కంప్యూటరునకు ఆజ్ఞ ఇచ్చుటలో అధికార విచారము కూడ ఉన్నది. పూర్వము రహస్యపదములు తంతులపై బహిరంగముగా పోవుచుండెడివట. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో అట్లు రహస్యపదములు అపహరింపబడగా, టాటు యులోనెన్ అను పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్ అను రక్షితమార్గమును నిర్మించెను. అందు రెండు తాళపుచెవుల వంటివి ఉండును. ఒకటి గుహ్యము, మన వద్దనే ఉండును. రెండవది ప్రకటము, దూరపు యంత్రమున ఉంచబడును. గుహ్యమును ఎన్నడును పంపక, అది తన వద్ద ఉన్నదని మాత్రము ఋజువు చేయుట అందలి మర్మము. మరియొక విశేషము: ఒక చెవికి ఒక్క పనియే అప్పగింపవచ్చును. ఆ చెవితో వచ్చిన వాడు ఏమి అడిగినను, ఆ యంత్రము ఆ ఒక్క పనినే చేయును. మా సర్వరు నుండి గుడి కంప్యూటరునకు ఉన్న చెవి అట్టిదే. మ్రోగింపుము, ఆపుము అనుట తప్ప మరేమియు దానికి చెల్లదు. ఋత్విక్కులలో హోతకు హోత పని, అధ్వర్యునకు అధ్వర్యుని పని అని నియమించిన మన పెద్దలు దీనిని మెచ్చుకొందురని అనుకొంటిని.

తిథి సమస్యను కూడ అతడు పరిష్కరించెను. క్రాన్‌కు తిథి తెలియదు, కాని ప్రతిదినము ఒక లెక్కను చేయింపగలదు. రాత్రి ఒంటిగంటకు అది సూర్యచంద్రుల స్థానములను గణించెడి ప్రోగ్రామును నడుపును. మరునాటి సూర్యోదయమునకు ఏకాదశి యున్నచో, ఆ దినపు పనులను యాట్ ద్వారా నియోగించును, లేనిచో ఊరకుండును. నిత్యమైనది మేల్కొని నైమిత్తికమును వెదకును. భక్తుల జన్మనక్షత్ర అర్చనలు కూడ ఇట్లే నడచుచున్నవి. ఇది చూచి నేను మిక్కిలి సంతోషించి, ఇక కాలము విషయమున చింత లేదని నిశ్చయించుకొంటిని. ఆ నిశ్చయమే నా దోషము.

గ్రహణమునకు మూడు వారముల ముందు నా కుమారుడు అడిగెను: "నాన్నగారూ, గుడి మూసే రోజులు ఏవైనా ఉంటే రాసి పంపండి, ఆ రోజులకు మినహాయింపు పెడతాను." నేను, "అన్నియు పంచాంగములో ఉన్నవి కదా నాయనా" అంటిని. పంచాంగము అతని గదిలో లేదు. నా గదిలో ఉన్నది, నా చేతిలో ఉన్నది. గ్రహణము నాకు తెలియును; ద్వారములు మూసినది నేనే. అతడు లెక్కలో తిథిని పెట్టెను గాని గ్రహణమును పెట్టలేదు. పెట్టుమని చెప్పవలసిన వాడను నేను. కనుక ఆ వృద్ధురాలికి సత్యము చెప్పవలసినచో, గంట యంత్రము కొట్టలేదు, నా కుమారుడును కొట్టలేదు. దానిని నా అశ్రద్ధ కొట్టినది.

ఇంతటితో ముగించినచో ఇది ఒక పొరపాటు కథ. కాని ఆ రాత్రి గ్రహణకాలమున జపము చేయుచు ఆ పంక్తినే తలచుకొంటిని: 30 18 * * *. మొదటి రెండు స్థానములలో అంకెలు, తక్కిన మూటిలో నక్షత్రపు గుర్తులు. ఆ గుర్తుకు "ఏదైనను సరే" అని అర్థము. ఏ తేదీయైనను సరే, ఏ మాసమైనను సరే, ఏ వారమైనను సరే. మన సంకల్పము దీనికి సరిగా విపరీతము. కల్పము మొదలుకొని, మన్వంతరము, యుగము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము వరకు. ద్వీపము మొదలుకొని నేను కూర్చొన్న చోటు వరకు. గోత్రము మొదలుకొని నామము వరకు, అన్నిటిని పేరుపెట్టి చెప్పిన పిమ్మటనే కర్మ ఆరంభమగును. అందు ఏ ఒక్క స్థానమును "ఏదైనను సరే" అని విడువరాదు. నక్షత్రమన్నచో రోహిణియో శ్రవణమో నిశ్చయముగా చెప్పవలెను. యంత్రమునకు ఆరున్నర తెలియును, "నేడు" తెలియదు. సంకల్పమనగా "నేడు" అని తెలిసికొనుట.

మరి నాకు తెలియుచున్నదా? ముప్పది సంవత్సరముల అభ్యాసము చేత నా నాలుక సంకల్పమును తానే చెప్పుకొనిపోవును. ఫోనులో తిథిని చూచి చదువుదును. చదివినది ఐదు నిమిషముల పిమ్మట అడిగినచో చెప్పలేను. నా నోట తిథి పేరు ఉన్నది, మనస్సులో నక్షత్రపు గుర్తు ఉన్నది.

మా తండ్రిగారు అంత్యకాలమున చూపు కోల్పోయిరి. అయినను ప్రతి ఉదయము అరుగుపైకి వచ్చి, ఆకాశము వైపు ముఖమెత్తి, "ఈ రోజు తిథి ఏమిటి నాయనా?" అని అడిగెడివారు. ఒకనాడు నేను అలవాటు చొప్పున క్రిందటి దినపు తిథితోనే సంకల్పము చెప్పి పూజ ముగించితిని. వారు ద్వారము చెంత కూర్చొని వినిరి. నేను బయటికి వచ్చిన పిమ్మట మెల్లగా, "నిన్నటి రోజుకు ఇవాళ పూజ చేశావు నాయనా. మరి ఇవాళ్టికి పూజ ఎవరు చేస్తారు?" అనిరి. కోపము లేదు ఆ మాటలో. నేను మరల స్నానము చేసి, మరల ఆరంభించితిని. ఆ ప్రశ్నయే చాల సంవత్సరముల పిమ్మట ఆ వృద్ధురాలి నోట వేరొక రూపమున వచ్చినదని గ్రహణరాత్రి నాకు తోచినది.

యజ్ఞమున ఋత్విక్కులు యజమానుని కొరకు కర్మ చేయుదురు, ఫలము యజమానునిది. కనుక మరియొకరి చేత చేయించుట దోషము కాదు. నీటిపై తేలెడి చిల్లుగిన్నె మునిగినంతనే గడియ గంట కొట్టిన కాలము నుండి మన ఆలయములు యంత్రముల సహాయము పొందుచునే ఉన్నవి. కాని సంకల్పము చెప్పవలసిన వాడు యజమానుడే. చేతులను అప్పగింపవచ్చును, "నేడు నేను చేయుచున్నాను" అనుటను అప్పగింపలేము. నేను యంత్రమునకు గంట కొట్టుటను అప్పగించితిననుకొంటిని. నిజమునకు జ్ఞాపకమునే అప్పగించితిని.

మరునాడు సంప్రోక్షణము చేసి ద్వారములు తెరచిన పిమ్మట కుమారునితో మాటలాడితిని. "తీసేయమంటారా?" అని అడిగెను. వలదంటిని. ఏనుగులు ఇంకను వచ్చుచున్నవి, ప్రక్క గ్రామపు కోవెలయు ఉన్నది. కాని నియమమును మార్పించితిని. కర్మారంభమున పెద్దల అనుజ్ఞ తీసికొనుట మన ఆచారము. ఇప్పుడు ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు సర్వరు నా ఫోనుకు ఒక సందేశము పంపును: రేపటి తిథి ఏమి, మ్రోగింపవలెనా? నేను పంచాంగము తెరచి, తిథిని చూచి, నా చేతితో వ్రాసి పంపవలెను. నేను వ్రాసినది దాని లెక్కతో సరిపోయినచోనే మరునాటి పనులు నియోగింపబడును. నేను మరచినచో గంట మ్రోగదు. పూర్వము నా మరపునకు ఫలము నాదము. ఇప్పుడు నా మరపునకు ఫలము మౌనము. ఇంతవరకు మూడు దినములు మౌనముగా గడచినవి. ఆ మూడు దినములును ఊరివారు నన్ను అడిగిరి. అడుగుట మంచిదే.

2026 మార్చి 3వ తేదీ, మంగళవారము, ఫాల్గుణ పూర్ణిమ. ఆనాటి చంద్రగ్రహణము మన ప్రాంతమున గ్రస్తోదయము; చంద్రుడు గ్రహణముతోనే ఉదయించెను. మోక్షము సాయంకాలము 6:47కు. అనగా మా హారతివేళ అయిన 6:30 గ్రహణకాలమునందే పడినది. ముందు రాత్రి సందేశము వచ్చినప్పుడు నేను తిథి వ్రాసి, సాయంకాల నాదమునకు మాత్రము "వలదు" అని పంపితిని. మరునాడు ఆరున్నరకు అరుగుపై నిలిచి తూర్పు దిక్కున చూచితిని. గుడి నుండి శబ్దము లేదు. తండ్రిగారు నిలిచెడి చోటనే నిలిచియుంటిని.

వీధి చివరి వృద్ధురాలు తన గడప నుండి, "ఏం సామీ, ఈ తూరి గంట మోగలేదే?" అని కేకవేసినది.

"నేను కొట్టలేదమ్మా" అంటిని.

స్వస్తి.